ఆపినవాడి లెక్క

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు ఏదైనా తేలికపాటి విషయం మీద మాట్లాడమన్నారు. అందుకని మంచు మీద ఆడే హాకీ గురించి నాలుగు మాటలు చెబుతాను. నవ్వకండి. మనలో చాలామంది పిల్లలు కెనడాలోనో అమెరికాలోనో ఉన్నారు. ఆరు నెలలు ఉందామని వెళ్ళి, చలికి గడప దాటలేక, టీవీ ముందు కూర్చుని ఈ ఆట చూసినవాళ్ళు ఈ హాల్లోనే పదిమందైనా ఉంటారు.

మా అల్లుడుగారిది మాంట్రియల్. మా మేనల్లుడిది బఫెలో. ఇద్దరూ ఒకచోట కలిస్తే విస్తళ్ళ ముందు ఒకటే తగవు: పాట్రిక్ రువా గొప్ప గోల్ కీపరా, డొమినిక్ హాషెక్ గొప్పవాడా అని. ఇద్దరూ ఆట మానేసి ఏళ్ళయినా ఈ తగవు మాత్రం రిటైరు కాలేదు. "మీరే చెప్పండి మామయ్యా" అని ఇద్దరూ నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. జీవితమంతా ఫైళ్ళు చూసినవాణ్ణి కనుక ఇద్దరి రికార్డూ తెప్పించుకుని నోట్ తయారుచేశాను. ఈ ప్రసంగం ఆ నోటే.

ముందు ఆట సంగతి. ఒక్కో జట్టుకు ఆరుగురు. ఆరోవాడు గోల్ కీపర్. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. బంతి ఉండదు, పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళ ఉంటుంది. మూడంగుళాల అడ్డం, అంగుళం మందం. గట్టిగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న గోలు ముందు ఒక్కడే నిలబడి, ఆటకు పాతిక ముప్పై సార్లు దాన్ని ఆపాలి.

మన ఆఫీసుల్లో బిల్లులు పరిశీలించే సీటు ఉండేది, గుర్తుందా? నేను ఎక్కువకాలం చేసింది ఆ సీటులోనే. తప్పుడు బిల్లు వస్తే అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపడమే మన పని. ఏడాదికి ఎన్ని ఆపామో ఎవరూ లెక్క రాయరు. సర్వీసు రిజిస్టరులో దానికి గడి లేదు. ఒక్కటి జారిపోతే మాత్రం మర్నాటికి మెమో వస్తుంది. గోల్ కీపర్ బతుకూ అంతే, జారిపోయినప్పుడు వాడి వెనక ఎర్రదీపం వెలుగుతుంది. ఒక్క తేడా ఏమిటంటే, ఆ ఆటలో ఆపినవి కూడా లెక్క రాస్తారు. అందుకే ఈ తగవు నాకు ఆటగా కనిపించలేదు.

ఇప్పుడు రువాగారి ఫైలు. పేరు స్పెల్లింగు చూస్తే మన బెంగాలీ రాయ్‌లాగే ఉంటుంది. ఆయన ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ నగరంలో పుట్టినవాడు కనుక రువా అనాలి. పుట్టింది 1965 అక్టోబరు 5న. 1986లో, ఇరవై ఏళ్ళ వయసులో, మాంట్రియల్ జట్టుకు స్టాన్లీ కప్పు తెచ్చిపెట్టాడు. ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా ఆయనకే. 1993లో మళ్ళీ ఆ రెండూ. ఆ ఏడు మాంట్రియల్ ఓవర్ టైంలోకి వెళ్ళిన ఆటల్లో వరుసగా పది గెలిచింది. ఓవర్ టైంలో ఒక్క గోలు పడితే ఆట అయిపోతుంది. పదిసార్లు ఆ కత్తి మీద నిలబడ్డాడన్నమాట.

1995 డిసెంబరు 2న సొంత ఊళ్ళో డెట్రాయిట్ చేతిలో 11-1తో ఓడారు. తొమ్మిది గోల్స్ పడేదాకా కోచ్ ఆయన్ని బయటికి పిలవలేదు. పిలిచాక రువా నేరుగా జట్టు అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి, ఈ జట్టుకు ఇదే నా ఆఖరి ఆట అని మొహం మీదే చెప్పేశాడు. నాలుగు రోజుల్లో కొలరాడోకు బదిలీ అయిపోయింది. మనలో ఎంతమందిమి ఇంట్లో అద్దం ముందు ఆ మాట రిహార్సల్ చేసుకుని, పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని మళ్ళీ అదే సీటుకు వెళ్ళలేదు! ఆయన మాత్రం అనేశాడు. అని, ఆ సీజన్‌లోనే 1996లో కొలరాడోకు కప్పు గెలిపించాడు. 2001లో ఇంకొకటి, మూడో కాన్ స్మైత్‌తో సహా. ఆ ట్రోఫీ మూడుసార్లు పొందిన ఆటగాడు మరొకడు లేడు. 2003లో రిటైరయ్యేనాటికి 551 విజయాలు. 2009లో మార్టిన్ బ్రొడూర్ దాటేదాకా అదే రికార్డు. కప్పు పోటీల్లో విడిగా 151 విజయాలు. గోలు స్తంభాలతో మాట్లాడేవాడు, మంచు మీది నీలిగీతలు తొక్కేవాడు కాదు. శకునాలు మనకే కాదు, వాళ్ళకూ ఉన్నాయి.

ఇక హాషెక్ ఫైలు. పుట్టింది 1965 జనవరి 29న, అప్పటి చెకోస్లొవేకియాలోని పార్దుబిత్సెలో. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, మన భాషలో ఒకే బ్యాచ్. చికాగో జట్టు 1983లోనే ఆయన్ని జాబితాలో ఎంచుకుంది. కానీ ఆ దేశంలో ఉన్నది కమ్యూనిస్టు ప్రభుత్వం. అది 1989లో పోయాక, 1990లో గాని అమెరికా చేరలేదు. చేరాక కూడా చికాగోలో ఖాళీ లేక చాలాకాలం చిన్న లీగులో గడిపాడు. 1992లో బఫెలోకు మార్చారు. పూర్తిస్థాయి సీటు దొరికింది 1993-94లో. అప్పటికి రువా దగ్గర రెండు కప్పులున్నాయి.

సీటు దొరికాక ఏం చేశాడో చూడండి. ఉత్తమ గోల్ కీపర్‌కిచ్చే వెజినా ట్రోఫీ ఆరుసార్లు. రువాకు మూడు. మొత్తం లీగులోనే అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ 1997, 1998లో వరుసగా రెండుసార్లు. రెండుసార్లు అది పొందిన గోల్ కీపర్ ఆయనొక్కడే. 1994 ఏప్రిల్‌లో న్యూజెర్సీ మీద ఒక ఆట నాలుగో ఓవర్ టైం దాకా సాగింది. హాషెక్ 70 షాట్లు ఆపాడు. చివరికి బఫెలో 1-0తో గెలిచింది. ఆయన ఆపే తీరు చూస్తే నవ్వొస్తుంది. మంచు మీద దొర్లుతాడు, వెల్లకిలా పడతాడు, చేతిలో కర్ర వదిలేసి ఆ చేత్తోనే పక్‌ను మూసేస్తాడు. కానీ పక్ లోపలికి పోదు.

మా అల్లుడుగారి వాదన: 551 ఎక్కడ, హాషెక్ 389 ఎక్కడ? నాలుగు కప్పులెక్కడ, రెండెక్కడ? ఆ రెండింటిలో 2008 నాటిది గెలిచినప్పుడు హాషెక్ చాలావరకు పక్కన కూర్చున్నవాడే కదా?

ఆ చివరి మాట నిజమే. కాని మిత్రులారా, క్వాలిఫయింగ్ సర్వీసు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన రోజుల్లో 33 ఏళ్ళు నిండితేనే ఫుల్ పెన్షను. (రువాగారి చొక్కా నంబరు కూడా 33, అది వేరే సంగతి.) ఆలస్యంగా సర్వీసులో చేరినవాడికి ఇంక్రిమెంట్లు తక్కువ ఉంటాయి. అంతమాత్రాన పనిమంతుడు కాదంటామా? రువా ఆడిన ఆటలు 1029, హాషెక్ 735. మొత్తాలు పోల్చకూడదు, సగటు పోల్చాలి.

గెలుపు జట్టుది. ఆపడం గోల్ కీపర్‌ది. వచ్చిన ప్రతి వెయ్యి షాట్లకు రువా 910 ఆపాడు, హాషెక్ 922. పన్నెండే కదా అనుకోకండి. ఏడాదికి సుమారు 1700 షాట్లు ఎదుర్కొనే వాడికి అది ఇరవై గోల్స్ తేడా. 1985లో రువా చేరినప్పుడు గోల్స్ వానలా కురిసేవి, ఆ అంకె ఆయన సగటును కిందికి లాగింది అని మా అల్లుడుగారు అన్నారు. న్యాయమైన అబ్జెక్షనే. అందుకని ఒకే ఏడు తీసుకున్నాను. 1998-99లో హాషెక్ 937, రువా 917. ఆ ఏటితో కలిపి వరుసగా ఆరు సీజన్లు ఈ లెక్కలో లీగు మొత్తానికి హాషెకే ప్రథముడు. 2001-02లో మాత్రం రువా 925, హాషెక్ 915. అది కూడా నోట్‌లో రాశాను, రెండో వైపు కాగితాలు దాచడం మనకు అలవాటు లేదు.

మిగిలింది ఒక్కటే ప్రశ్న. మార్చి 31 రాత్రి. ఏడాదంతా చక్కగా పనిచేసి, ఆ రాత్రి చేతులెత్తేసేవాళ్ళను చూశాం. ఏడాదంతా మామూలుగా ఉండి, ఆ రాత్రి కొండలా నిలబడినవాళ్ళనూ చూశాం. రువా మార్చి 31 మనిషి అని అందరూ ఒప్పుకుంటారు. అయితే ఆ రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా ఉంటే?

అలాంటి రాత్రులు రెండున్నాయి. మొదటిది 1998 ఫిబ్రవరిలో, జపాన్‌లోని నగానో ఒలింపిక్స్ సెమీఫైనల్. కెనడా గోల్‌లో రువా, చెక్ గోల్‌లో హాషెక్. ఆట 1-1, ఓవర్ టైంలోనూ తేలలేదు. అప్పుడు జట్టుకు ఐదుగురు ఒక్కొక్కరే వచ్చి గోల్ కీపర్ మీద షాటు కొట్టాలి. రువాను ఒక్కడు, రైహెల్ అనేవాడు, దాటాడు. ఇటు ఫ్లూరీ, బుర్క్, న్యూవెండైక్, లిండ్రోస్, షనహాన్. ఐదుగురూ హేమాహేమీలే. ఐదుగురినీ హాషెక్ ఆపాడు. ఫైనల్లో రష్యాకు కూడా ఒక్క గోలూ ఇవ్వలేదు. 1-0తో ఆ చిన్న దేశానికి బంగారు పతకం.

రెండోది 2002. అప్పటికి హాషెక్ డెట్రాయిట్‌లో ఉన్నాడు, రువా కొలరాడోలో. ఏడు ఆటల సిరీస్‌లో కొలరాడో 3-2తో ముందుంది. ఆరో ఆటలో రువా పక్ పట్టానని చెయ్యి పైకెత్తి చూపించాడు. పక్ చేతిలోంచి జారి కిందపడింది, డెట్రాయిట్‌వాళ్ళు తోసేశారు. ఆ ఆట 2-0. ఏడో ఆట 7-0. ఆ రెండు ఆటల్లో హాషెక్‌ను దాటి ఒక్క పక్ కూడా పోలేదు. ఆ ఏడు కప్పు డెట్రాయిట్‌దే.

కాబట్టి నా తీర్పు ఇది. రువా వదిలిపెట్టిన ఆస్తి పెద్దది. మోకాళ్ళ మీద దిగి, కాళ్ళు సీతాకోకచిలుక రెక్కల్లా పరిచి గోలు అడుగుభాగం మూసేసే పద్ధతిని ఆయన ఊరూరా పాకించాడు. తరవాత వచ్చిన పిల్లలు నేర్చుకున్నది అదే. హాషెక్ పద్ధతి ఎవరికీ రాలేదు, అది ఆయనతోనే పోయింది. ఆఫీసు మాన్యువల్ రాసిన పెద్దమనిషిగా రువాకు నమస్కారం. కాని సీటులో కూర్చుని వచ్చినదాన్ని వచ్చినట్టు ఆపిన పనివాడు ఎవరంటే, హాషెక్. ఇద్దరి సంతకాలూ తీసుకుని నోట్ క్లోజు చేద్దామనుకున్నాను. మా అల్లుడుగారు మాత్రం అప్పీలుకు వెళతానన్నారు. వెళ్ళనివ్వండి, ఆయన హక్కు అది.

మిత్రులారా, ఈ హాల్లో పెద్ద పోస్టులు చేసి దిగినవారున్నారు, చేరిన కేడర్లోనే దిగినవారూ ఉన్నారు. కొందరికి మంచి ఆఫీసు, మంచి పై అధికారి దొరికారు. కొందరికి చేరడమే ఆలస్యమైంది. మన పిల్లలు మనల్ని అడిగేది, నాన్నా, నువ్వు ఏ పోస్టులో దిగావు అని. ఈసారి అడిగితే పోస్టు చెప్పి ఊరుకోకండి. మీ సీటులో ఏం వచ్చేదో, ఏది ఆపారో, ఒత్తిళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో కూర్చోబెట్టి చెప్పండి. సర్వీసు రిజిస్టరులో గడి లేకపోతే ఇంట్లోవాళ్ళ చెవిలోనైనా ఆ లెక్క ఉండాలి. పక్కన కూర్చున్న మన సోదరీమణులకు ఆ లెక్కలో సగం ముందే తెలుసు, ఆ రాత్రుళ్ళు అన్నం చల్లారబెట్టుకుని కూర్చున్నది వాళ్ళే కనుక.