సముద్రగర్భమున మిగిలిన యుద్ధము

ఒరిస్సా తీరమందలి గోపాలపురపు టిసుకపై నిలిచి చూచువారికి సముద్రము నిర్మలముగనే గోచరించును. కాని దాని గర్భమున యుద్ధ మింకను మిగిలియున్నది.

1942 ఏప్రిల్ 6వ తేదీన, విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడిన దినముననే, ఒరిస్సా తీరము వెంట పోవుచుండిన వర్తకనౌకలను పెక్కింటిని జపాను నౌకాదళము ముంచివేసెను. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు చెంత మునిగెను. యుద్ధములు ముగిసినవి, ఇనుము మాత్రము నీటి యడుగుననే యున్నది.

ఇందలి యపాయమేమి? ఉప్పునీరు ఉక్కును మెల్లమెల్లగా తినివేయును. ఏండ్లు గడచినకొలది నౌకల తొట్లు చిల్లులుపడి, అందు మిగిలిన చమురు వెలికివచ్చును. గుండ్ల పెంకులు శిథిలమై, టి.ఎన్.టి. వంటి పేలుడుమందులు నీట కరగి, గుల్లలలో చేరును. బాల్టిక్ సముద్రమున శాస్త్రజ్ఞు లిట్లే కనుగొనిరి. మన ఋషికుల్యా నది సముద్రమున గలియు చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొలదిగా గ్రుడ్లు పెట్టును. అట్టి తీరమునకు చమురుతెట్టు చేరినచో తాబేళ్ళకును, జాలరుల జీవనమునకును గూడ హానియే.

కావున, వలవేయు సోదరులారా, ఒక్క మాట. తుప్పుపట్టిన గుండు వంటిది వలలో చిక్కినచో ముట్టరాదు, కొట్టరాదు, ఒడ్డునకు తేరాదు. పాతబడినంతమాత్రమున పేలుడుమందు చల్లారదు. ఆ చోటు గుర్తుంచుకొని, తీరరక్షకదళమునకు 1554 సంఖ్యకు తెలుపుడు. మరల చెప్పుచున్నాను: ముట్టరాదు, తేరాదు, తెలుపవలెను. వల పోయినను మరల అల్లుకొనవచ్చును, ప్రాణము నల్లలేము.