వినకుండా కాల్చిన క్యాసెట్టు

 రేడియో దగ్గర కూర్చున్న పెద్దలారా, పక్క గదిలో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని మీ పిల్లలు కూర్చొని ఉంటారు. వీలైతే వారినొకసారి పిలవండి. ఈ పూట నేను మాట్లాడబోయేది వారు వినే సంగీతమును గూర్చియే. నిజానికి అది వారి తాతల కాలపు సంగీతము. ఎల్విస్ ప్రెస్లీ, బీటిల్స్, క్వీన్ వంటివారు పాడిన రాక్ సంగీతము. అయ్యగారికి ఈ వయస్సులో ఇదేమి పిచ్చి అనుకోకండి. కొంచెము ఓపిక పట్టండి.

1995లో మా పెద్దబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. యౌవనస్థుల కూడికలో గిటారు వాయించేవాడు. ఒక రాత్రి నేను గృహకూడిక ముగించుకొని వచ్చేసరికి వాడి గదిలో టేపురికార్డరు మోగుతున్నది. ఇంగ్లీషు పాట, డ్రమ్ములు, కేకలు. నేను ఒక్క మాట అడగలేదు. క్యాసెట్టు లాగి తీసుకొని వెళ్ళి పొయ్యిలో వేశాను. ఆ ప్లాస్టిక్ కంపు రెండు రోజులు వంటింట్లోనుండి పోలేదు. అంతటితో ఆగానా? ఆదివారము ప్రసంగములో కూడా ఆ విషయమే ఎత్తాను. పేరు చెప్పలేదు గాని, ఎవరి సంగతో సంఘమంతటికీ తెలిసిపోయింది. వాడు గిటారును గోడకు తగిలించాడు. ఉద్యోగానికి ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు కూడా దాన్ని తీసుకొని వెళ్ళలేదు. నాతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. ఆ మర్యాదే నాకు బరువుగా ఉండేది.

2023 క్రిస్మస్‌కు వాడు మమ్మల్ని బెంగళూరు తీసుకొని వెళ్ళాడు. అక్కడ పద్నాలుగేళ్ళ నా మనవడు ఏదో కూనిరాగము తీస్తున్నాడు. ఏమి పాటరా అంటే, "బీటిల్స్ కొత్త పాట తాతయ్యా" అన్నాడు. ఆ నలుగురిలో ఇద్దరు చనిపోయారని నాకు తెలుసు. చనిపోయినవాడు కొత్త పాట ఎలా పాడతాడని నవ్వాను. వాడు నన్ను కూర్చోబెట్టి ఆ సంగతంతా చెప్పాడు.

జాన్ లెన్నన్ 1970ల చివరిలో న్యూయార్కులోని తన ఇంట్లో పియానో వాయించుకుంటూ ఒక పాటను మామూలు క్యాసెట్టు మీద రికార్డు చేసుకున్నాడు. 1980 డిసెంబరు 8న ఆయనను కాల్చి చంపారు. 1994లో ఆయన భార్య యోకో ఓనో ఆ క్యాసెట్టును ఆయన స్నేహితుడు పాల్ మెకార్ట్నీకి ఇచ్చింది. మిగిలిన ముగ్గురూ 1995లో పని మొదలుపెట్టారు గాని, పియానో మోతలో గొంతు మునిగిపోతున్నదని ఆపేశారు. 2001లో జార్జ్ హారిసన్ కూడా పోయాడు. చివరికి కంప్యూటరు సహాయముతో ఆ గొంతును పియానోనుండి విడదీసి, హారిసన్ 1995లో వాయించి ఉంచిన గిటారును కలిపి, 2023 నవంబరు 2న పాటను విడుదల చేశారు. బ్రిటనులో అది మొదటి స్థానానికి వెళ్ళింది. 2025లో గ్రామీ బహుమానము కూడా వచ్చింది.

మనవడు చెబుతుంటే నేను మా అబ్బాయి ముఖము చూడలేకపోయాను. వాళ్ళు చేతకాక పక్కన పెట్టినా, ఆ క్యాసెట్టును దాచి ఉంచారు. అదే 1995లో నేను మా ఇంటి క్యాసెట్టును పొయ్యిలో వేశాను.

ఊరికి వచ్చిన తరువాత ఈ సంగీతమును గూర్చి చదవడము మొదలుపెట్టాను. పుస్తకాలు అబ్బాయే పంపించాడు. లెన్నన్, మెకార్ట్నీ మొదటిసారి కలుసుకున్నది ఎక్కడో తెలుసా? 1957 జూలై 6న, లివర్‌పూల్‌లోని వూల్టన్‌లో, సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవములో. లెన్నన్ చిన్నప్పుడు అదే చర్చిలో సండే స్కూలుకు వెళ్ళినవాడు, గాయక బృందములో పాడినవాడు. ఆ రోజు తన తోటి కుర్రాళ్ళతో అక్కడ వాయించాడు. తరువాత చర్చి హాలులో పదిహేనేళ్ళ పాల్ గిటారు పట్టుకొని తనకు వచ్చింది వినిపించాడు. ఈ కుర్రాళ్ళ మోత మాకు వద్దని ఆ చర్చి పెద్దలు ముందే గేటు వేసి ఉంటే? నేనైతే వేసి ఉండేవాడినే.

ఇంకా వెనక్కి వెళ్తే నాకు మరింత ఆశ్చర్యము కలిగింది. రోసెట్టా థార్ప్ అనే సహోదరి 1915లో అమెరికాలోని ఆర్కన్సాలో పుట్టింది. ఆమె తల్లి సువార్తికురాలు. తల్లి సభలలో చిన్నపిల్లగా ఉన్నప్పటినుండే గిటారు వాయిస్తూ పాడింది. పెద్దయ్యాక ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకొని ఆత్మీయ గీతాలు పాడింది. 1938లో న్యూయార్కు క్లబ్బులో కూడా పాడేసరికి చర్చివారు ఆమెను తప్పుపట్టారు. క్లబ్బువారికేమో ఆమె పాటలు మరీ చర్చి పాటలుగా ఉన్నాయి. కాని ఆమె పాటలు విన్నవారిలో ఎల్విస్ ఉన్నాడు, లిటిల్ రిచర్డ్ ఉన్నాడు. ఈ రిచర్డును ఆమె 1947లో మేకన్ పట్టణములో తన వేదికమీదికి పిలిచి పాడించింది. అప్పటికి అతడు పద్నాలుగేళ్ళ కుర్రవాడు, నా మనవడి ఈడు. 1964లో ఇంగ్లండులో, మాంచెస్టరులోని ఒక పాడుబడిన రైల్వే స్టేషనులో ఆమె చేత టెలివిజనువారు పాడించారు. వాన పడిన ప్లాట్‌ఫారము మీద ఆమె. పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారము మీద ఇంగ్లీషు కుర్రకారు. 1973లో ఆమె చనిపోయింది. సమాధి మీద రాయి కూడా లేదు. 2008లో కచేరీ పెట్టి డబ్బు పోగుచేసిన తరువాతనే ఆమె పేరుతో రాయి వచ్చింది. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెను చేర్చారు. రాక్ సంగీతములో ఆ చప్పట్లు, ఆ ఊపు, ఒకరు పాడితే అందరూ అందుకోవడము ఎక్కడివో నాకు అప్పుడు అర్థమైంది. మన శనివారపు రాత్రి ప్రార్థనలలో నేను నలభై ఏళ్ళుగా వింటున్నవే.

ఎల్విస్ సంగతి చదివిన రాత్రి ఆగలేక అబ్బాయికి ఫోను చేశాను. "ఒరేయ్, ఆయన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ చర్చిలో పెరిగినవాడట. పాటలకు ఆయన గెలిచిన మూడు గ్రామీలూ భక్తి గీతాలకేనట, నీకు తెలుసా?" అన్నాను. అటునుండి కొంతసేపు మాట లేదు. "తెలుసు నాన్నా. ఆ క్యాసెట్టులో రెండో వైపు ఉన్నవి అవే" అన్నాడు.

శ్రోతలారా, నేను కాల్చినది దేవుని స్తుతిగీతాలను. రెండో వైపు తిప్పి వినలేదు.

అయితే ఆ సంగీతమంతా మంచిదే అనడము లేదు. 1966లో, తమ బృందము యేసుకంటే ఎక్కువ ప్రసిద్ధి పొందిందని లెన్నన్ అన్న మాట అచ్చైనప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బీటిల్స్ రికార్డులు కుప్పవేసి కాల్చారు. ఆగస్టులో ఆయన షికాగోలో విలేఖరుల ముందు విచారము తెలిపాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధే. జిమి హెండ్రిక్స్, జానిస్ జోప్లిన్ 1970లోను, జిమ్ మారిసన్ 1971లోను పోయారు. ముగ్గురికీ 27 ఏళ్ళే. హెండ్రిక్స్, జోప్లిన్ మత్తుమందుల వల్లనే పోయారు. ఈ సంగతి మనవడికి దాచకుండా చెప్పాను. వాడికి నాకంటే ముందే తెలుసు.

మరి యాభై, అరవై ఏళ్ళైనా ఈ పాటలు పోలేదెందుకు? 1980లలో అమెరికా రేడియోలు వీటికి క్లాసిక్ రాక్ అని పేరు పెట్టి మరల మరల వేశాయి. మన పంచగనిలోని బడిలో చదివిన ఫ్రెడ్డీ మెర్క్యురీ 1975లో చేసిన బొహీమియన్ రాప్సొడీ పేరుతోనే 2018లో సినిమా వచ్చి, కొత్త పిల్లలకు ఆ పాటను అందించింది. వీటికంటే బలమైన కారణము ఇంట్లోనే ఉన్నదని నేను అనుకుంటాను. తండ్రి బీరువాలో పాత రికార్డు కొడుకుకు దొరుకుతుంది. నాలుగు స్వరస్థానాలు పట్టుకోవడము వస్తే చాలు, గిటారు మీద ఆ పాట తనదైపోతుంది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మనకు ఎలా వచ్చాయి? పుస్తకములో చూసి ఎందరు నేర్చుకున్నారు? మా అవ్వకు అక్షరము రాదు. వడ్లు దంచుతూ పాడేది, నేను వినేవాడిని. మా అబ్బాయి కూడా వాడి కొడుకు దగ్గర పాడాడు. నాకు తెలియకుండా పాడాడు.

పోయిన వేసవిలో మనవడు మా ఊరు వచ్చాడు. గోడమీది గిటారు దించి దుమ్ము తుడిచాడు. తీగలు తుప్పు పట్టాయి. అబ్బాయి బజారుకు వెళ్ళి కొత్త తీగలు తెచ్చి వసారాలో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చొని, "ఆ రోజు నేను తప్పు చేశానురా. సంఘములో చెప్పింది మరీ తప్పు" అన్నాను. వాడు తల ఎత్తలేదు. తీగ బిగిస్తూ, "ఇది కాస్త గట్టిగా పట్టుకోండి నాన్నా" అని గిటారు మెడ నా చేతికిచ్చాడు.

ప్రార్థన చేసుకుందాము.