తీగ లేని దీపము – నమ్మదగిన ట్రిగ్గరు

(సంఘ సభ్యుల ఛాయాచిత్ర గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



స్వస్థలములకు దూరముగా ఉద్యోగములు చేసుకొనుచున్న మనవంటి వారికి సాంస్కృతిక సంఘమే రెండవ ఊరు. ఉగాది నాటి కవి సమ్మేళనము, పిల్లల ఏకపాత్రాభినయములు, కూచిపూడి ప్రదర్శనలు, పదవీ విరమణ చేయు పెద్దలకు సన్మానములు – ఇవియే ఈ ఊరి చరిత్ర. ఆ చరిత్రకు మిగులు సాక్ష్యములు కొన్ని ఛాయాచిత్రములు మాత్రమే. నాటకము మరల ఆడవచ్చును. కాని తొలిసారి గజ్జె కట్టిన బాలిక ముఖములోని బెరుకు మరల రాదు. అట్టి క్షణమున దీపము వెలిగినదా లేదా అను దానిపైననే ఆ సాక్ష్యము నిలుచునో పోవునో తేలును. కనుక కెమేరాకు దూరముగా నిలిపిన ఫ్లాషును రేడియో తరంగముతో వెలిగించు ట్రిగ్గరును ఎట్లు ఎన్నుకొనవలెనో మీకు మనవి చేయదలచితిని.

ముందుగా, ఫ్లాషును కెమేరా నుండి దూరముగా ఎందుకు నిలుపవలెను? కెమేరా నెత్తిపై ఉన్న ఫ్లాషు, మనము చూచు దిక్కు నుండియే వెలుగును పంపును. అందువలన ముఖము పలకవలె చదునగును; కండ్లజోళ్లు మెరయును; వెనుక గోడపై నల్లని నీడ పడును. లేపాక్షి స్తంభముల మీది శిల్పమును ఏటవాలుగా పడు ఎండలో చూచినవారికి వెలుగు దిక్కు చేయు మహిమ తెలియును. ఎదుటి వెలుగులో అణగిపోవు చెక్కడము ప్రక్క వెలుగులో ప్రాణము పోసుకొనును. మనుష్యుల ముఖములకును, పట్టు చీరల జరీకిని, నర్తకి ఆభరణములకును ఇదియే సూత్రము. ఫ్లాషును ఒక ప్రక్కగా, తలకు కొంచెము ఎత్తున, సుమారు 45 డిగ్రీల కోణమున నిలిపినచో రూపమునకు లోతు వచ్చును. దూరమును కూడ గమనింపవలెను. రెండు మీటర్లలో ఉన్న దీపమును నాలుగు మీటర్లకు జరిపినచో వెలుగు సగము కాదు, నాలుగవ వంతే చేరును.

అట్లు దూరముగా నిలిపిన ఫ్లాషునకు, షట్టరు తెరచుకొనిన క్షణమును ఎవరో తెలుపవలెను. పూర్వము తీగ తెలిపెడిది. తీగ నమ్మకమైనదే కాని, సభలో జనుల కాళ్లకు తగులుకొని దీపపు స్తంభమునే కూలద్రోయగలదు. తరువాత కాంతిని చూచి వెలుగు కన్నులు వచ్చినవి. ఒక ఫ్లాషు మెరసినచో రెండవది దానిని చూచి తానును మెరయును. కాని పెండ్లి పందిరిలో పదిమంది కెమేరాలు పట్టినప్పుడు, ప్రతివాని మెరుపునకును మన దీపము బదులు పలుకుచుండును. మనకు కావలసిన వేళకు అది తిరిగి శక్తి నింపుకొనుచు మౌనము వహించును. పరారుణ కిరణములతో నడచు పరికరములు ఎండలో బలహీనపడును. అడ్డము వచ్చినచో ఆగిపోవును. రేడియో తరంగమునకు ఈ చిక్కులు తక్కువ.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు తీగ లేకుండ తరంగములను పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకి మందును ప్రేల్చి చూపెను. మీట ఒకచోట, మెరుపు వేరొకచోట! ఎలక్ట్రానిక్ ఫ్లాషునకు దారి చూపిన హెరాల్డ్ ఎడ్జర్టన్ స్ట్రోబు ప్రయోగములు అమెరికాలో 1931 నాటివి. నేడు మన అరచేతిలో ఇముడు ట్రిగ్గరులో ఈ రెండు పాయలును కలిసినవి.

ఇక ఎన్నిక విషయము. అంగడిలో పెట్టెపై వ్రాసిన గుణముల పట్టికను చూచి కొనరాదు. నాలుగు ప్రశ్నలు వేసికొని కొనవలెను.

మొదటి ప్రశ్న: ఇది నా కెమేరాతో మాటలాడునా? కెమేరా పైనున్న ఫ్లాషు గాడిలో నడుమనున్న లోహ బిందువు "ఇప్పుడు వెలుగుము" అను ఒక్క ఆజ్ఞనే పంపును. ప్రక్కనున్న చిన్న బిందువులు వెలుగు ఎంత, షట్టరు వేగమెంత అను వివరములను పంపును; వాటి అమరిక ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధము. కనుక కానన్ కెమేరాకు చేసిన ట్రిగ్గరు నికాన్ కెమేరాపై కూర్చుండినను పూర్తి సంభాషణ నడపలేదు. మరియొక మెలకువ: 2019లో వచ్చిన కానన్ 200డి మార్క్ 2 వంటి కొన్ని కెమేరాలలో ఆ నడిమి బిందువే లేదు. అట్టి కెమేరాపై సామాన్యమైన చౌక ట్రిగ్గరు మూగదగును. ఆ కెమేరా పేరును తయారీదారు తన అనుకూల పట్టికలో చేర్చినాడా అని చూచియే కొనవలెను. పాత ఫ్లాషులున్నవారు ఇంకొక జాగ్రత్త వహింపవలెను. వాటిలో కొన్నింటి బిందువుల వద్ద 200 వోల్టులకు మించిన పీడనముండును; అది నేటి సున్నితమైన ట్రిగ్గరులను చెరుపగలదు. మీటరుతో కొలిపించిన పిమ్మటనే కలుపుడు.

రెండవ ప్రశ్న: నాకు కావలసినది ఆజ్ఞయా, లెక్కయా? కొన్ని ట్రిగ్గరులు వెలిగించుట మాత్రమే చేయును. వెలుగు ఎంత అనునది మనమే ఫ్లాషుపై నిర్ణయింపవలెను. కొన్ని టీటీఎల్ పద్ధతిని అనుసరించి, చిత్రమునకు ముందు ఒక చిన్న మెరుపును పంపి, తిరిగి వచ్చిన వెలుగును కెమేరాచేత కొలిపించి, తగినంత వెలుగును తామే ఇచ్చును. వేదికపై సన్మానము జరుగునప్పుడు దీపమును మనుష్యులును తమతమ చోటులనే ఉందురు. అచ్చట చేతి నిర్ణయమే మేలు, ప్రతి చిత్రమును ఒకే తీరున వచ్చును. పెండ్లిలో వధూవరులు నడచుచుండగా దూరము మారుచుండును. అచ్చట టీటీఎల్ ఉపకరించును. అట్లే షట్టరు వేగమునకు ఒక హద్దు కలదు. చాల కెమేరాలకు సెకండులో 1/200 లేక 1/250 వంతు ఆ హద్దు. అది దాటినచో షట్టరు తెరలు రెండును ఒక సన్నని సందును మాత్రమే విడిచి పరుగిడును. ఒక్క మెరుపు ఆ సందులోనుండియే పడును గనుక చిత్రములో నల్లని పట్టీ ఏర్పడును. హైస్పీడ్ సింక్ ఉన్న ట్రిగ్గరు, దానికి తగిన ఫ్లాషు కలిసి వెలుగును అనేక చిన్న మెరుపులుగా విడదీసి ఈ చిక్కును తీర్చును. కాని వెలుగు బలము తగ్గును. పగటి ఎండలో చిత్రములు తీయువారికి అది అవసరము. రాత్రి సభలు మాత్రమే తీయువారు దానికై అధిక ధనము వెచ్చింప నక్కరలేదు.

మూడవ ప్రశ్న: ఇది ఏ తరంగముపై నడచును? ప్రభుత్వోద్యోగులమైన మనము ఈ ప్రశ్నను విస్మరింపరాదు. ఒకప్పుడు ఇంటి రేడియో సెట్టునకు కూడ పోస్టాఫీసులో లైసెన్సు సొమ్ము చెల్లించెడివారము. 1933 నాటి వైర్‌లెస్ చట్టము అట్టిది. పౌనఃపున్యముల పంపకమును చూచుటకు 1952లో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కో-ఆర్డినేషన్ విభాగము ఏర్పడినది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో అల్పశక్తి పరికరములకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించినది. నేడు మన అంగళ్లలో దొరకు ట్రిగ్గరులు పెక్కు ఆ పట్టీలోనివే. కాని అమెరికాలోని మన బిడ్డలు ప్రేమతో పంపు పరికరముల విషయమున ఒక మాట. ప్రసిద్ధమైన పాకెట్ విజార్డ్ ట్రిగ్గరులు అమెరికా కొరకు చేసినవి 340 నుండి 354 మెగాహెర్ట్జ్‌ల నడుమ, ఐరోపా కొరకు చేసినవి 433, 434 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతమున నడచును. మొదటి పట్టీ ఇక్కడి మినహాయింపులలో చేరలేదు. పరికరము ఎంత మేలైనదైనను, వేరొకరికి కేటాయించిన తరంగముపై మనము అడుగిడరాదు. "అక్కడినుండి తెచ్చునది ఏ పౌనఃపున్యముపై నడచును?" అని ముందే వ్రాసి అడుగుట మేలు.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి రెండు బలహీనతలున్నవి. వైఫై, బ్లూటూత్ కూడ ఆ పట్టీలోనే సంచరించును. అదిగాక నీరు ఆ తరంగమును పీల్చుకొనును. మనుష్య శరీరములో అధిక భాగము నీరే గదా! ఖాళీ హాలులో సాయంకాలము చక్కగా వెలిగిన దీపము, ఏడు గంటలకు జనము నిండిన పిమ్మట తప్పిపోవుటకు ఇది ఒక కారణము. గ్రాహకమును జనుల తలలకు పైగా ఉంచుడు. లోహపు స్తంభమునకు ఆనించకుడు. ఛానెలు మార్చి చూడుడు. గోడాక్స్ వారి ఎక్స్ పద్ధతిలో 32 ఛానెళ్లు కలవు. ప్రక్కన మరియొకరు అదే పరికరము వాడుచున్నచో, ఛానెలుతో పాటు గుర్తింపు సంఖ్యను కూడ మార్చుకొనగలదానిని ఎన్నుకొనుడు. పెట్టెపై నూరు మీటర్లని వ్రాసినంత మాత్రమున జనసమ్మర్దములో నూరు మీటర్లు రావు.

నాలుగవ ప్రశ్న: ఇది ఎన్ని ముక్కలు? కెమేరాపై ఒకటి, ప్రతి ఫ్లాషునకు ఒక్కొక్కటి, అన్నిటికి వేరువేరు బ్యాటరీలు – ముక్కలు పెరిగినకొలది తప్పిపోవు తావులు పెరుగును. 2012లో కానన్ 600ఈఎక్స్-ఆర్‌టీ, 2016లో నికాన్ ఎస్‌బీ-5000 ఫ్లాషులు రేడియో గ్రాహకమును తమలోనే ఇముడ్చుకొని వచ్చినవి. పిమ్మట తక్కువ వెలలో ఇతరులును అట్లే చేసిరి. క్రొత్తగా కొనువారు గ్రాహకము లోపలనే ఉన్న ఫ్లాషును, దానికి తగిన ఒక ప్రేషకమును కొనుట సుఖము. పాత ఫ్లాషులున్నవారు విడి గ్రాహకములను కొనవచ్చును. అప్పుడు అన్నియు ఒకే కుటుంబమునకు చెందినవై ఉండవలెను. బ్యాటరీలు ఊరి అంగడిలో దొరకు ఏఏ పరిమాణమైనచో మేలు. గాడిలో గట్టిగా బిగియు తాళమున్నదా, చీకటిలో బొత్తాములు వ్రేలికి తెలియునా అనునవియు చూడవలెను.

ఇన్ని చూచి కొన్న పిమ్మట పరీక్ష చేయుడు. తెల్లని గోడను 1/160, 1/200, 1/250 వేగములతో తీసి అంచున నల్లని పట్టీ వచ్చుచున్నదేమో పరికింపుడు. తరువాత ఫ్లాషు తిరిగి నిండుటకు వ్యవధి ఇచ్చుచు నూరు మారులు వెలిగించి లెక్కపెట్టుడు. మన పిల్లలకు నూటికి తొంబది మార్కులు వచ్చినచో మిఠాయి పంచుదుము. ట్రిగ్గరునకు మాత్రము తొంబది చాలవు. ఆ తప్పిన పదిలోనే తాళికట్టు వేళ ఉండవచ్చును. అధిక గుణములుండి అప్పుడప్పుడు తప్పుదానికంటె, ఒక్క పనిని ప్రతిమారును చేయునదియే మన ధనమునకు తగినది.

ఒక మర్యాదను మాత్రము చెప్పి ముగింతును. కూచిపూడి తరంగములో నర్తకి ఇత్తడి పళ్లెరపు అంచుపై నిలిచి ఆడును. కొన్నివేళల తలపై నీటి చెంబు కూడ ఉండును. ఆ సమయమున ఆమె కన్నులలో మెరుపు కొట్టినచో చెదరునది చిత్రము కాదు, ఆమె నిలుకడ. దూరమునుండి దీపమును వెలిగించు శక్తి మన చేతికి వచ్చినదనగా, ఎప్పుడు వెలిగింపరాదో తెలియు బాధ్యతయు మనదే. ప్రదర్శనకు ముందే గురువుగారి అనుమతి గైకొనుడు. తరంగము నడచుచున్నంత సేపు ట్రిగ్గరును ఆపివేయుడు. మంగళము పాడిన పిమ్మట, గజ్జెలు విప్పకమునుపు, నర్తకిని వేదికపై నిలిపి ప్రక్క వెలుగులో తీసిన ఒక్క చిత్రము చాలును.

సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క రకము కొనుటకు మారుగా, సంఘము తరఫున ఒకే కుటుంబమునకు చెందిన రెండు ఫ్లాషులు, మన కెమేరాలకు తగిన ప్రేషకములు, చార్జరుతో కూడిన ఒక పెట్టెను సమకూర్చుకొని, వాడినవారు పుస్తకములో సంతకము చేసి అప్పగించు ఏర్పాటు చేయుమని కార్యవర్గమువారికి నా మనవి.