పరిమాణములు పెరిగిన లెక్క: సాధనముల ఎంపిక

కేసముద్రము మార్కెట్టులో పసుపు నాణ్యము చూచువారు ప్రతి కొమ్మును పరీక్షింపరు. అక్కడక్కడ పిడికెడు తీసి రాశి గుణమును నిర్ణయింతురు. నేటి కంప్యూటరు గణితములో మిక్కిలి కఠినములైన కొన్ని సమస్యలకు ఆధారము ఈ ఉపాయమే.

పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు పరిమాణములు అందరికిని తెలిసినవే. గణితములో మాత్రము స్వతంత్రముగా మారు ప్రతి అంశమును ఒక పరిమాణమే. ఒక్కొక్క దిశలో పది బిందువుల చొప్పున పరీక్షించినచో, రెండు పరిమాణములకు 100 బిందువులు చాలును; పదింటికి 1,000 కోట్లు కావలెను. ఇరువదింటికైతే, సెకనుకు పది లక్షల బిందువులు లెక్కించు యంత్రమునకు ముప్పది లక్షల సంవత్సరములైనను చాలవు. దీనినే రిచర్డ్ బెల్‌మన్ 1957లో పరిమాణముల శాపమనెను.

చీటీలు తీసినట్లు యాదృచ్ఛికముగా కొన్ని బిందువులను మాత్రమే ఎన్నుకొనుట మాంటీ కార్లో పద్ధతి. మెట్రపొలిస్, ఉలాం అను శాస్త్రజ్ఞులు ఈ పేరుతో 1949లో వ్యాసము ప్రకటించిరి. బిందువులను నాలుగింతలు చేసిన దోషము సగమగును. పరిమాణము లెన్ని యైనను ఈ నియమము మారదు.

ఇందుకు సాధనములు పెక్కు గలవు. ఫోర్ట్రాన్ 1957 నాటిది. నేటికిని దాని వేగము తగ్గలేదు. మాట్‌లాబ్ నేర్చుట సులభము, కాని వెల యిచ్చి కొనవలెను. ఆక్టేవ్ దాదాపు అదే భాషలో ఉచితముగా లభించును. పైథాన్‌కు తోడైన నమ్‌పై, 2012లో వెలువడిన జూలియా కూడ ఉచితములే.

వీనిలో ఏది మేలు? జవాబు ముందే తెలిసిన ఒక్క లెక్కను అన్నిటికిని ఇచ్చి చూడవలెనని మా అభిప్రాయము. పది పరిమాణములలో వ్యాసార్ధము 1 గల గోళము ఘనపరిమాణము 2.55, దానిని చుట్టిన ఘనము 1,024. ఘనములో లక్ష బిందువులు చల్లిన, గోళములో సుమారు 249 పడవలెను. పదునైదో పదునారో అటు నిటు అగుట సహజము. నాలుగు వందలు వచ్చినచో, ఎంత వేగముగా వచ్చినను ఆ లెక్క తప్పు.

వేగమును పోల్చునపుడు ప్రతి సాధనమునకును దాని పద్ధతిలోనే పని యొప్పగింపవలెను. బిందువు వెంట బిందువును లెక్కించుటలో ఫోర్ట్రాన్, జూలియా చురుకైనవి. నమ్‌పై, మాట్‌లాబ్ పెద్ద పట్టికను ఒక్కసారిగా అందుకొన్ననే రాణించును. ఇరువది పరిమాణములలో కోటి బిందువుల పట్టికకు 160 కోట్ల బైట్ల జ్ఞాపకస్థలము పట్టును. చిన్న యంత్రము గలవారు పట్టికను ముక్కలు చేసికొనవలెను.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి. ఆర్. రావుగారు 1945లో ఒక హద్దు చూపిరి: పక్షపాతము లేని అంచనా దోషము, ఉన్న సమాచారమును బట్టి, ఒక మేరకు దిగువకు పోజాలదు. పైని చెప్పిన బిందువుల లెక్క ఆ హద్దును ఇదివరకే అందుకొన్నది. కనుక వెల హెచ్చిన సాధనము కాలమును తగ్గించును గాని, అన్నే బిందువులతో దోషమును తగ్గింపలేదు. అందుకు 1967లో సోబొల్ చూపినట్లు బిందువులను పేర్చు పద్ధతినే మార్చవలెను.

కేసముద్రములో రైలెక్కి వరంగల్లు కళాశాలలకు పోవు విద్యార్థికి తొలి అభ్యాసమునకు ఉచిత సాధనములు చాలును. సొమ్ము వెచ్చించుటకు ముందు తెలిసిన లెక్కతో సాధనమును పరీక్షింపుడని మా మనవి.