మడమ నొప్పి – తొలి యడుగు



రాత్రి సుఖముగా నిద్రించి, తెల్లవాఱగనే మంచము దిగి నేలపై కాలు మోపినంతనే మడమలో మేకు దిగినట్లుండుట, నాలుగడుగులు నడచిన పిదప ఆ బాధ కొంత తగ్గుట, చాలసేపు కూర్చుండి లేచినపుడు మరల పొడసూపుట - ఇవి మీలో పెక్కుమందికి అనుభవములోని సంగతులే యని నా యూహ. వయసు మీఱినది గనుక ఇంతే యని యూరకుండువారు కొందఱు. మడమలో ఎముక పెరిగినదని దిగులొందువారు మఱికొందఱు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు.

సుశ్రుతసంహిత నిదానస్థానమున వాతకంటకమను వ్యాధి చెప్పబడినది. పాదమును విషమముగా మోపుటచే వాతము ప్రకోపించి పాదమున బాధ కలిగించునని తాత్పర్యము. కంటకమనగా ముల్లు. రోగి మాటను శ్రద్ధగా విన్నవారు పెట్టిన పేరువలె నున్నది. నేటి వైద్యులు చెప్పు మడమ నొప్పియు నదియు అన్నివిధముల నొకటే యని నేను వాదింపను.

మడమ యెముక అడుగుభాగమునుండి వ్రేళ్ల మొదళ్లవఱకు అరికాలి క్రింద దృఢమైన పట్టీ యొకటి కలదు. వింటికి నారి యెట్టిదో పాదపు వంపునకు అది యట్టిది. నిలుచున్నపుడెల్ల భారము దానిపై బడును. ఆ భారము మితిమీఱినచో, మడమకు అంటియున్నచోట దాని పోగులు నలిగి చెడును. రాత్రి పాదము వాల్చి నిద్రించునపుడు పట్టీ ముడుచుకొని యుండి, ఉదయమున తటాలున సాగును. తొలి యడుగు బాధ యిందువలననే. ఎక్స్‌రేలో ముల్లువలె కానవచ్చు ఎముక, నొప్పి యెన్నడు నెఱుగనివారి మడమలలోను ఉండును. దానిని జూచి భయపడవలసిన పనిలేదు.

నలువదియేండ్లు దాటినవారికిని, స్థూలకాయులకును, పిక్క కండరములు బిగిసినవారికిని, నావలె నల్లబల్లయొద్ద నిలుచుండి దినములు గడపినవారికిని ఇది యెక్కువ. పూర్వము మన యిండ్లలో అలికిన మట్టినేలలుండెడివి. నేడు పల్లెలలోను పలకలు పఱచిన గట్టినేలలు వచ్చినవి. వానిపై వట్టికాళ్లతో తిరుగుచున్నాము. బయటికి పోవునపుడు తొడుగునవి మడమ అరిగిన రబ్బరు చెప్పులు!

చికిత్సలో మొదటిది మంచముమీదనే జరుగవలెను. నొప్పిగల పాదమును రెండవ మోకాలిపై నుంచి, వ్రేళ్లను చేతితో పట్టి ముంగాలివైపునకు లాగుడు. రెండవ చేతితో తడవినచో అరికాలి పట్టీ త్రాడువలె బిగిసినట్లు తెలియును. పది లెక్కించి విడువుడు. ఇట్లు పదిమాఱులు, దినమునకు మూడు పర్యాయములు. అందు మొదటిది నేలపై అడుగు పెట్టకముందే కావలెను. 2003లో అమెరికా వైద్యులు కొందఱు ప్రకటించిన పరిశీలనలో, పిక్కలను మాత్రమే సాగదీసినవారికంటె ఇట్లు అరికాలిని సాగదీసినవారికి ఎనిమిది వారములలో ఎక్కువ మేలు కలిగినది. అయినను పిక్కను విడువవలదు. గోడకు చేతులానించి, నొప్పి కాలిని వెనుక నుంచి, మోకాలు వంపక, మడమ లేవనీయక ముందునకు వ్రాలుట చాలును. కొన్ని దినములలో ఫలము కానరాలేదని మానవలదు, నెలలు పట్టును. పెక్కుమందికి సంవత్సరములోపల నెమ్మదించును. మడమలో వేయు సూదిమందు కొన్ని వారములు ఉపశమనమిచ్చునుగాని, పలుమాఱు వేయించుకొన్నచో పట్టీ తెగు ప్రమాదము కలదు. శస్త్రచికిత్స మిక్కిలి అరుదుగా కావలసివచ్చును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది. ఇటుకను కాల్చి, దానిపై జిల్లేడాకులు పఱచి మడమతో అదుముట మన పల్లెలలో వాడుక. వెచ్చదనము కొందఱికి హాయి నిచ్చుట నిజమే. కాని మధుమేహముచే పాదములు మొద్దుబాఱినవారికి కాలుట తెలియదు. బొబ్బ పుండగును, పుండు మానక కాలు తీసివేయవలసిన గతియు పట్టవచ్చును. మంచుగడ్డతో చల్లదనము పట్టించుటయు వారికి అపాయమే. జిల్లేటిపాలు కంటబడినచో చూపునకే ముప్పు. స్పర్శ యెట్లున్నదో తెలిసికొనుటకు సులువైన మార్గమొకటి కలదు. కన్నులు మూసికొని, మనుమనిచేతగాని మనుమరాలిచేతగాని రెండు పాదముల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను మెల్లగా తాకింపుడు. ఆ 6 చోట్లలో 2 తెలియకున్నను స్పర్శ తగ్గినదని యెంచి, ఇటుకను ప్రక్కన పెట్టి వైద్యునొద్దకు పొండు.

మడమ వాచి యెఱ్ఱబాఱినను, జ్వరము తోడైనను, ఏదియో పుటుక్కున తెగినట్లై నిలువలేకపోయినను, పండుకొన్నపుడును నొప్పి విడువకున్నను జాగు చేయరాదు. ఇంటిలోని పడుచువారికి రెండు మడమలును నొచ్చుచు, ఉదయమున నడుము బిగిసియుండుచున్నచో అది వేఱు వ్యాధి కావచ్చును, వారినిగూడ చూపింపుడు.

పాదరక్షలు మడమక్రింద మెత్తగా, నడిమివంపున ఆసరాగా నుండవలెను. ఇంటిలో తొడుగుటకు వేఱొక శుభ్రమైన జత యుంచుకొన్నచో ఆచారమునకు భంగము రాదు. దానిని రాత్రియే మంచముచెంత, కాళ్లు దించినంతనే అందునట్లు పెట్టుకొనుడు.