యాత్రికుని బస: విశ్వాసం, వివేకం

(కార్తిక మాస ధార్మిక ప్రసంగాలలో భాగంగా దేవస్థాన కల్యాణ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై పురాణ ప్రవచనాలు వినడానికి అలవాటుపడిన మీకు నేను నేడు చెప్పబోయేది పురాణం కాదు. తీర్థయాత్రకు బయలుదేరే ముందు మనం ఇంటర్నెట్‌లో గది మాట్లాడుకునేటప్పుడు జరిగే మోసాలను, పొరపాట్లను గురించి చెప్పదలచాను. దేవాలయంలో మాట్లాడదగిన విషయమేనా ఇది అని మొదట సంకోచించాను. మోసగాళ్ళు భక్తులను వారి భక్తిని ఆధారం చేసుకొనే పట్టుకుంటున్నారు కనుక ఇక్కడే మాట్లాడమని దేవస్థానం వారు ఆదేశించారు.

మన పూర్వులు కాశీకి వెళ్ళిన రోజుల్లో బస అంటే సత్రమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుండి పరివారంతో బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో ఏ ఊరిలో దిగడానికి వసతి ఉంది, ఏ ఊరిలో ఏ సరుకులు దొరుకుతాయి అన్న సంగతులు మజిలీ తరువాత మజిలీగా కనిపిస్తాయి. ముందు వెళ్ళినవారు వెనుక వచ్చేవారికి దారిలోని మంచి చెడ్డలు చెప్పడం యాత్రాధర్మంలో ఒక భాగం. ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. నేను తప్పింది అక్కడే.

మా తండ్రిగారు గతించిన తరువాత పిండప్రదానం నిమిత్తం మా అమ్మగారిని వెంటబెట్టుకొని కాశీకి వెళ్ళాను. అప్పటికి ఆమెకు 76 ఏళ్ళు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడం మన తెలుగువారి ఆచారం కదా. తొమ్మిది రాత్రులకు గది కావాలి, అదీ ఘట్టానికి దగ్గరగా, మెట్లు ఎక్కే పని లేకుండా కావాలి. ఫోనులో వెతికితే పేరున్న ఒక తెలుగు సత్రం పేరుతో పేజీ వచ్చింది. గోపురం బొమ్మ, గదుల ఫొటోలు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. ఫోన్ చేస్తే "హర హర మహాదేవ" అంటూ చక్కని తెలుగులో ఒకాయన పలికాడు. అమ్మగారి వయస్సు అడిగి, క్రింది అంతస్తులోనే గది ఇస్తానన్నాడు. రోజుకు 1,200 చొప్పున తొమ్మిది రోజులకు 10,800 రూపాయలనీ, అందులో సగం ముందుగా పంపమనీ చెప్పాడు. 5,400 పంపాను. కొంతసేపటికి మళ్ళీ ఫోన్ చేసి, "అయ్యా, మా కంప్యూటరు సగం సొమ్మును తీసుకోవడం లేదు. మొత్తం ఒకేసారి వేయండి, మొదటి సొమ్ము దానంతటదే వెనక్కి వస్తుంది" అన్నాడు. 10,800 పంపాను. సత్రం ముద్రతో రసీదు వచ్చింది. మొదటి సొమ్ము మాత్రం రాలేదు.

డబ్బు పంపే చివరి క్షణంలో, రహస్య సంఖ్య నొక్కే ముందు, ఫోను తెరపై ఎవరో ఒక వ్యక్తి పేరు కనిపించింది. అది సత్రం పేరు కాదు. చూశాను. బహుశా గుమాస్తా పేరై ఉంటుందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు ఇతరుల లెక్కలు తనిఖీ చేసి జీతం పుచ్చుకున్నవాణ్ణి నేను!

రాత్రి పదిగంటల వేళ సోనార్‌పురా కూడలిలో ఆటో దిగి, సందులలో సామాను మోసుకుంటూ అమ్మగారిని నడిపించుకొని సత్రం చేరాము. సత్రం నిజమైనదే. నా చేతిలోని రసీదు మాత్రం వారిది కాదు. గదులన్నీ నిండి ఉన్నాయి. అక్కడి మేనేజరుగారు రసీదు వంక చూసి, "ఈ వారంలో మీరు మూడవవారు బాబూ. మేము ఫోనులో డబ్బు తీసుకోము" అన్నారు. ఆ మహానుభావుడు భోజనశాలలో రెండు చాపలు వేయించి, అమ్మగారికి మజ్జిగ ఇప్పించారు. ఆమె పడుకుంటూ ఒక్క మాటే అంది: "పోయిన డబ్బు పోయింది గానీ నాయనా, మన వాళ్ళందరికీ చెప్పు. ఇంకొకరు ఇట్లా రాత్రివేళ రోడ్డున పడకూడదు."

ఈ కథకు రెండవ భాగం ఉంది. దానిని చివర మనవి చేస్తాను. ముందుగా ఈ మోసం నడిచే తీరును వివరిస్తాను.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. కేంద్ర హోంశాఖ పరిధిలోని భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో యాత్రికులను ప్రత్యేకంగా హెచ్చరించింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టిక్కెట్లు, చార్‌ధామ్ యాత్రికుల అతిథి గృహాలు, హోటళ్ళు, టాక్సీల పేరిట నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయని ప్రకటించింది. అంటే ఎక్కడ భక్తులు ఎక్కువగా చేరతారో, ఎక్కడ గదులు తక్కువో, అక్కడే వల పన్నుతున్నారు. గది దొరకదేమో అన్న మన తొందరే వారికి పెట్టుబడి.

వెతికినప్పుడు అన్నిటికంటే పైన కనిపించేది అసలైనదని అనుకోవద్దు. డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు కూడా పైనే వస్తాయి. ఫోనులోని పటంలో సత్రం పేరు ప్రక్కన ఉన్న నంబరును సైతం ఇతరులు మార్పించే వీలుంది. చిరునామా ప్రక్కన తాళం గుర్తు ఉంటే చాలునని కొందరు చెబుతారు. మనం పంపే వివరాలు దారిలో ఎవరికీ కనపడవని మాత్రమే ఆ గుర్తుకు అర్థం. అవతలివాడు సజ్జనుడని అది హామీ ఇవ్వదు.

కనుక చిరునామాను అక్షరం అక్షరం చదవాలి. తిరుమల తిరుపతి దేవస్థానం వారి అధికారిక చిరునామా 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. చివరనున్న 'గవ్ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే లభిస్తుంది. అందరికీ అది ఉండదు. సోమనాథ ట్రస్టు వారిది 'సోమనాథ్ డాట్ ఆర్గ్'. వారి అతిథి గృహాలకు అక్కడే గదులు తీసుకోవాలి. మీరు వెళ్ళదలచిన క్షేత్రం చిరునామాను ఆ దేవస్థానం ముద్రించిన పుస్తకం నుండో, పాత అసలు రసీదు నుండో, స్వయంగా వెళ్ళివచ్చిన వారి నుండో తీసుకోండి. దానిని ఒక కాగితంపై రాసి పూజామందిరంలో పంచాంగం ప్రక్కన పెట్టుకోండి.

డబ్బు పంపేటప్పుడు తెరపై వచ్చే పేరు చదవండి. ట్రస్టుకు పంపుతున్నామనుకుంటే అక్కడ ట్రస్టు పేరే రావాలి. వ్యక్తి పేరు వస్తే చెయ్యి ఆపండి. సొమ్ము వెనక్కి ఇస్తామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయవద్దు. డబ్బు పుచ్చుకోవడానికి మన రహస్య సంఖ్యతో పని లేదు. పంపడానికే దానితో పని. అన్నదానానికీ, గోసేవకూ విరాళాలు పంపే దాతలు కూడా ఈ మాటలు మనస్సులో పెట్టుకోవాలని ప్రార్థిస్తున్నాను. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌ను చూసి విరాళం పంపే ముందు దేవస్థాన కార్యాలయాన్ని విచారించండి.

ఇక మోసం లేకుండానే ఇబ్బంది కలిగే సందర్భాలు ఉన్నాయి. నేడు క్షేత్రాలలో గృహస్థులు సైతం తమ ఇంటిలో కొంత భాగాన్ని రోజుల లెక్కన అద్దెకు ఇస్తున్నారు. వారిలో సజ్జనులు ఎందరో ఉన్నారు. అయినా మనం అడగవలసినవి అడగకపోతే వారిని నిందించి ప్రయోజనం లేదు.

"గుడికి నడిచే దూరం" అని రాసి ఉంటుంది. ఎవరి నడకకు? ఇరవై ఏళ్ళ వానికి పావుగంట దారి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు ముప్పావుగంట. ఎన్ని మెట్లు, లిఫ్టు ఉన్నదా, వాహనం గుమ్మం దాకా వస్తుందా అని అడగండి. గది ఇచ్చే వేళ, ఖాళీ చేసే వేళ కనుక్కోండి. కొన్నిచోట్ల మనం చేరిన క్షణం నుండి 24 గంటలు లెక్క, కొన్నిచోట్ల మధ్యాహ్నం నుండి మధ్యాహ్నానికి ఒక రోజు. తెల్లవారుజామున రైలు దిగేవారు ఈ తేడా తెలియక ఆరేడు గంటలు వీధిలో కూర్చోవలసి వస్తుంది. వంటకు అనుమతి ఉన్నదా, నీటికి ఇబ్బంది ఉన్నదా, శుభ్రం చేసే రుసుము వేరుగా వేస్తారా అన్నవి కూడా ముందే తేల్చుకోండి.

రద్దు నిబంధనను మనవారు ప్రత్యేకంగా చదవాలి. దాయాదులలో పురుడో, మైలో వస్తే యాత్ర ఆగిపోతుంది. అటువంటి కారణాన్ని బుకింగ్ కంపెనీలు లెక్కలోకి తీసుకుంటాయని ఆశించరాదు. ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగి వస్తుందో చూసుకొని, కొంచెం ధర ఎక్కువైనా రద్దుకు వీలున్న గదినే తీసుకోవడం మేలు. అదే విధంగా, వెబ్‌సైటులో గది చూపి, "కంపెనీకి కమీషను ఎందుకు, నాకే నేరుగా పంపండి, తగ్గిస్తాను" అని యజమాని అంటే ఒప్పుకోవద్దు. బయట పంపిన సొమ్ముకు ఆ కంపెనీ బాధ్యత వహించదు.

విదేశాల నుండి పిల్లలు, మనుమలు వచ్చే కుటుంబాలకు మరొక్క మాట. విదేశీ పౌరసత్వం గలవారు బస చేస్తే, వారు వచ్చిన 24 గంటలలోగా అధికారులకు తెలియజేయడం ఆతిథ్యమిచ్చేవారి విధి. ఆ ఏర్పాటు లేని ఇంటివారు పాస్‌పోర్టు చూడగానే గుమ్మంలోనే కాదనవచ్చు. పిల్లలతో అర్ధరాత్రి చేరిన తరువాత ఆ మాట వినడం కంటే ముందే అడగడం మంచిది.

ఇంత జాగ్రత్తపడినా మోసపోతే ఏం చేయాలి? వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. దేశమంతటికీ అదే నంబరు. మన సొమ్ము ఏ ఖాతాలోకి వెళ్ళిందో గుర్తించి, అక్కడి నుండి మరొక ఖాతాకు జారిపోకముందే ఆపడానికి బ్యాంకులతో కలిసి ప్రయత్నిస్తారు. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే. మీ బ్యాంకుకు తెలియజేయండి. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయండి. లావాదేవీ సంఖ్యను, వచ్చిన సందేశాలను, నకిలీ రసీదును కోపంతో చెరిపివేయవద్దు. అవే సాక్ష్యాలు.

ఇప్పుడు కథలోని రెండవ భాగం.

నేను 1930కి ఫోన్ చేయలేదు. ఎవరికీ చెప్పలేదు. అంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. గది దొరికిందన్న సంతోషంలో, బయలుదేరకముందే, మా కాలనీ భజన బృందం వారి వాట్సాప్‌లో ఆ నంబరు పెట్టి, "కాశీ వెళ్ళేవారికి మంచి వసతి" అని రాశాను. మోసం తెలిసిన రాత్రి ఆ సందేశం నాకు గుర్తున్నది. లెక్కల తనిఖీ అధికారి మోసపోయాడంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గుతో దానిని అలాగే వదిలివేశాను. అమ్మగారు రెండుసార్లు అడిగింది, "చెప్పావా నాయనా" అని. చెప్పానని అబద్ధమాడాను. అదీ కాశీలో.

మేము తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు మా భజన బృందంలోని దంపతులు ఆ నంబరుకే 18,000 రూపాయలు పంపారు. వారిది చిన్న కిరాణా కొట్టు. నాలుగేళ్ళు చీటీ కట్టి యాత్రకు దాచుకున్న డబ్బు అది. వారు యాత్ర మానుకున్నారు. ఆ సొమ్ము నేను ఇస్తానని వెళితే ఆయన తీసుకోలేదు. ఆ ఇల్లాలు మాత్రం, "అన్నయ్యగారూ, మీరు రాశారు కదా అని మేము ఇంక విచారించలేదు" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. నా సొమ్ము పోయినందుకు ఏనాడూ నిద్ర చెడలేదు కానీ, ఆ మాట మాత్రం నేటికీ నన్ను నిద్రలేపుతుంది.

ఆ రోజే భజన బృందానికి జరిగినదంతా చెప్పాను. నేను వారి ముందు తలవంచి నిలబడితే, మరి ఇద్దరు లేచి తామూ ఇటువంటి విధంగానే పోగొట్టుకున్నామని చెప్పారు. అంతవరకు వారి ఇంటివారికి కూడా తెలియదు. ముగ్గురం సిగ్గుతో మూసిన నోళ్ళే ఆ నంబరును అన్ని రోజులు బ్రతికించాయి.

భక్తమహాశయులారా, మోసపోవడం పాపం కాదు. తెలిసిన తరువాత చెప్పకపోవడమే పాపమని నేను ఆలస్యంగా గ్రహించాను. స్వయంగా దిగి చూడని బసను ఎవరికీ సిఫారసు చేయకండి. మోసపోతే ముందు 1930కి, వెంటనే మీ వారందరికీ తెలియజేయండి. మీ ఇంటిలో ఎవరైనా అటువంటి సంగతి చెప్పుకుంటే "నీకు ఆ మాత్రం తెలియదా" అని ఎత్తిపొడవకండి. ఆ మాట వింటామన్న భయమే చాలామంది నోరు కడుతున్నది.

మా అమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె చెప్పమన్న మాటను మీ అందరి సమక్షంలో, స్వామి సన్నిధిలో ఈనాటికి చెప్పగలిగాను. మీ యాత్రలు నిర్విఘ్నంగా సాగాలని, చేరిన ప్రతిచోటా మీకు తలుపు తెరిచే ఇల్లు దొరకాలని స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.