ప్లగిన్ల బరువు దించాలంటే

లింగంపల్లి అపార్ట్‌మెంట్లలో ల్యాప్‌టాప్ మీదే పాటలు మిక్స్ చేసేవారికి ఈ చిక్కు తెలిసిందే. ప్లగిన్లు పెరిగేకొద్దీ చిటపట శబ్దాలు మొదలవుతాయి, చివరికి పాట ఆగిపోతుంది.

1996లో స్టెయిన్‌బర్గ్ వీఎస్‌టీ అనే ప్లగిన్ పద్ధతిని తెచ్చాక, స్టూడియో పరికరాల పని ప్రాసెసర్ నెత్తిన పడింది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన, బఫర్ (ఒక్కో విడతలో లెక్కించే శాంపిళ్లు) 128 ఉంటే ప్రాసెసర్‌కు దొరికే వ్యవధి 3 మిల్లీసెకన్ల లోపే. 1024కి పెంచితే 23 దాటుతుంది, కానీ పాడే గొంతు ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకే గొంతు రికార్డింగ్‌కు బఫర్ తక్కువ, మిక్సింగ్‌కు ఎక్కువ పెట్టాలి.

అసలు దుబారా రివర్బ్‌లో. గొంతుకొకటి, వేణువుకొకటి, తబలాకొకటి ఎందుకు? ఒక ఆక్స్ ఛానెల్‌లో ఒకే రివర్బ్ పెట్టి, మూడింటినీ సెండ్ ద్వారా అక్కడికి పంపితే చాలు. అందరూ ఒకే గదిలో వాయించినట్టు కూడా వినిపిస్తుంది!

పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేయండి, అంటే ప్లగిన్లతో సహా ఆడియోగా మార్చండి; మార్పు కావాలంటే మళ్లీ తెరుచుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ఇవన్నీ చేసి చూడండి.